వందకు పద్నాలుగు తక్కువ

మా సంఘంలో ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారం దేవుడు తనకు చేసిన మేలు ఏదైనా ఉంటే ఎవరైనా లేచి చెప్పవచ్చు. వీసా వచ్చినవాళ్ళు చెబుతారు, జ్వరం తగ్గినవాళ్ళు చెబుతారు, ఊళ్ళో కూతురు పరీక్ష పాసైన తల్లులు చెబుతారు. చెప్పి కూర్చుంటే అందరం "స్తోత్రం" అంటాం. ఈ పద్ధతికి ఒకే ఒక్క నియమం ఉంది. ఎక్కడా రాసిపెట్టలేదు గాని అందరికీ తెలుసు. జరిగిపోయినదే చెప్పాలి.

నేను జరగబోయేది చెప్పాను.

అరబ్బు దేశంలో, అల్ వర్సాన్ అనే చోట ఒక గోదాములో స్టోర్ కీపర్‌ని నేను. లాక్‌డౌన్ రోజుల్లో కంపెనీ క్యాంపు గది దాటకుండా తిని కూర్చున్నందుకు ఒంట్లో షుగర్ చేరింది. క్లినిక్‌లో మలయాళీ డాక్టరమ్మ కాగితం చూసి, "నడవండి, లేదా సైకిల్ తొక్కండి, ఏదో ఒకటి చేయండి" అంది. సొంతూరికి వెళ్ళిపోతున్న ఒక ఫిలిప్పీన్స్ సహోద్యోగి దగ్గర అతని సైకిల్ తీసుకున్నాను. రెండు చలికాలాలు గోదాముల మధ్య సందుల్లో, ట్రెయిలర్ల హారన్లకు జడుసుకుంటూ తొక్కాను. షుగర్ దిగింది. ఇది నిజంగా దేవుని మేలు. ఈ మాట ఇప్పటికీ నవ్వకుండా చెబుతాను.

ఆ ఆదివారం లేచి షుగర్ తగ్గిందని చెప్పి కూర్చుంటే సరిపోయేది. అప్పటికి ఇక్కడ వారాంతపు సెలవు శని, ఆదివారాలకు మారి ఏడాది కూడా కాలేదు. అంతకు ముందు ఎన్నో ఏళ్ళు మాకు శుక్రవారమే ఆదివారం. నా ముందు లేచిన సోదరుడు మూడో అంతస్తు పరంజా మీద నుంచి పడి చిన్న గీత కూడా లేకుండా లేచి నడిచిన సంగతి చెప్పాడు. హాలంతా మారుమోగింది. దాని తరువాత నా షుగర్ అంకెలు చప్పగా వినిపించాయి, ముందుగా నాకే. అందుకని మరో మాట చేర్చాను.

"వచ్చే శనివారం అల్ ఖుద్రా ఎడారి ట్రాక్ మీద దేవుని మహిమ కోసం వంద కిలోమీటర్లు తొక్కుతాను. తొక్కేశానని విశ్వసించి ఇప్పుడే స్తోత్రం చెల్లిస్తున్నాను."

అడిగినది చేతికి రాకముందే కృతజ్ఞత చెప్పడం గురించి అంతకు ముందు నెల యువకుల కూడికలో వాక్యం చెప్పింది నేనే. నా ప్రసంగాన్ని నేనే నమ్మిన సందర్భాలు తక్కువ. అది వాటిలో ఒకటి. అప్పటిదాకా ఒక రోజులో నేను తొక్కిన అత్యధిక దూరం ముప్ఫై కిలోమీటర్లు. ట్రాక్ ఎంత పొడవో కూడా కనుక్కోలేదు. మరి వంద ఎందుకంటే, ఎనభై అంటే సాక్ష్యంలా ఉండదు, స్టాకు లెక్కలా ఉంటుంది.

ఆరాధన అయ్యాక, టీ కప్పుల దగ్గర, మా సంఘంలో అందరూ అక్క అని పిలిచే ఆవిడ నన్ను పట్టుకుంది. రాజోలు వైపు మనిషి. మిర్దిఫ్‌లో ఒక అరబ్బుల ఇంట్లో పదిహేనేళ్ళుగా వంట చేస్తోంది. ఆ ఇంటి పిల్లలకు తల్లి భాష ఎంత వచ్చో, ఈవిడ తిట్లు కూడా అంత వచ్చని చెప్పుకుంటారు.

"తమ్ముడూ, వంద అంటే ఎంత దూరం?"

"రాజోలు నుంచి రాజమండ్రి ఎళ్ళి, మళ్ళీ రావులపాలెం దాకా వచ్చినంత అక్కా."

"ఓరి నాయనో. మరి నీ మోకాళ్ళో?"

"దేవుడున్నాడు కదక్కా."

"దేవుడుంటే ఉన్నాడు. తొక్కాల్సిన మోకాళ్ళు నీయి." ఆవిడ కొంచెంసేపు నన్ను పైనుంచి కిందికి చూసింది. "సరే. ఆ రోజు నీ గురించి ఉపాసం ఉంటాను. వంద అయ్యిందని నువ్వు ఫోన్ చేసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టుకోను."

మాలో ఒకరి కోసం మరొకరు ఉపవాసం ఉండటం కొత్త కాదు. ఆపరేషన్లకు ఉంటారు, వీసాలకు ఉంటారు, తాగుడు మానని భర్తలకు ఉంటారు. సైకిల్‌కు ఉండటం మాత్రం అదే మొదలు. వద్దక్కా అని అప్పుడే అనవలసింది. నేను స్తోత్రం అన్నాను.

శనివారం తెల్లవారుజామున నన్నూ సైకిల్‌నూ పికప్‌లో ట్రాక్ మొదటికి తీసుకెళ్ళింది మా గోదాము డ్రైవర్. కడప మనిషి, ముస్లిం, నాకంటే పదేళ్ళు చిన్న. నేను భాయ్ అంటాను, అతను అన్నా అంటాడు. బండి ఆపగానే అతను దిగి, పక్కన చాప పరుచుకుని నమాజు చేసుకున్నాడు. ఆ సమయంలో నేను చేతికి గ్లౌజులు వేసుకుంటున్నాను. ఎడమ గ్లౌజు కుడి చేతికి ఎందుకు పట్టడం లేదో తేల్చుకునే పనిలో ఉన్నాను.

అతను చాప మడుస్తూ అడిగాడు. "అన్నా, దేవుని పేరు మీద పోతాండావు గదా. నువ్వు ప్రార్థన చేసుకుంటివా?"

చేసుకోలేదు. అక్కడే నిలబడి కళ్ళు మూసుకున్నాను. హెల్మెట్ తియ్యడం మరిచిపోయాను.

"నేను ఈడే పండుకుంటా. రావాల్సొస్తే ఫోన్ చెయ్యి. సిగ్గుపడాకు."

సైకిల్ తొక్కేవాళ్ళు వేసుకునే మెత్త పెట్టిన బిగుతు నిక్కరు నాకూ ఉంది. సండే స్కూల్ టీచర్‌ని, ఆ నిక్కరుతో ఊరి మీద తిరగడం బాగోదని దాని మీద మామూలు ప్యాంటు వేసుకున్నాను. ఎడారిలో నన్ను చూసే సంఘస్థులు ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇక ఆ దారి సంగతి. అంతకు ముందు నేను తొక్కిన ప్రతి రోడ్డూ వేరెవరి కోసమో వేసినది. లారీల కోసం, కార్ల కోసం, వాటి అంచున ప్రాణం అరచేతిలో పట్టుకుని పోయే నాబోటివాళ్ళను పొరపాటుగా భరించేది. ఇది సైకిళ్ళ కోసమే వేసిన దారి. నల్లని తారు, గుంట లేదు, అతుకు లేదు. రెండు వైపులా ఇసుక దిబ్బలు, వాటి మీద పలచగా మంచు. ఎన్ని కిలోమీటర్లు వచ్చామో నేల మీద తెల్లని అంకెల్లో రాసి ఉంది. హారన్ లేదు. నా గొలుసు చప్పుడు నాకే వినిపించింది. దానికి నూనె పెట్టాలని రెండేళ్ళ తరువాత అప్పుడు తెలిసింది.

ఇరుకు దారే జీవానికి తీసుకుపోతుందని పదేళ్ళుగా పిల్లలకు నేర్పుతున్నాను. బోర్డు మీద ముళ్ళు, రాళ్ళు గీసి, చివర ఒక మెరిసే ఇల్లు గీస్తాను. ఈ దారి కూడా ఇరుకే. కాని ముల్లు లేదు, రాయి లేదు. కొంత దూరానికొకసారి నీడ, బల్ల. ఒకచోట సైకిల్ బాగుచేసుకోవడానికి స్తంభానికి గొలుసులతో కట్టిన పానాలు, గాలి కొట్టే పంపు. మరోచోట చల్లని నీళ్ళ కుళాయి. ఇరుకు దారిలో చల్లని నీళ్ళ కుళాయి ఉంటుందని నా పాఠంలో ఎక్కడా లేదు. ఆ కుళాయి దగ్గర సీసా నింపుకుని, ముఖం కడుక్కుని, మళ్ళీ తాగాను. పచ్చి మంచినీళ్ళు ముట్టని ఆవిడ ఒకతి ఉందన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు.

ఇరవయ్యో కిలోమీటరు దాటాక దారి పక్కన జింకలు రెండు కనిపించాయి. నన్ను చూసి పరిగెత్తలేదు. నా వేగం వాటికి ప్రమాదంగా అనిపించలేదు. అరవై ఏళ్ళు దాటిన ఒక తెల్లామె వెనక నుంచి వచ్చి, గుడ్ మార్నింగ్ అని, ఈల వేసుకుంటూ ముందుకు వెళ్ళిపోయింది. ఆమెది ఎలక్ట్రిక్ సైకిల్ అయి ఉంటుందని కిలోమీటరు దూరం నన్ను నేను ఓదార్చుకున్నాను. తరువాత నీడ దగ్గర ఆ సైకిల్‌ను దగ్గరగా చూశాను. కాదు.

అయినా ఆ రెండు గంటలంత సంతోషం నాకు చాలా కాలం తరువాత కలిగింది. ఎడారిలో దారి సరాళం చేయమన్న బైబిల్ ప్రవక్త మాట చిన్నప్పుడు కంఠత పోటీలో అప్పజెప్పి డబ్బా పెన్సిళ్ళు గెలుచుకున్నాను. ఎడారి ఎలా ఉంటుందో, దానిలో దారి అంటే ఏమిటో తెలియకుండానే గెలుచుకున్నాను. ఇప్పుడు చక్రం కింద అది నున్నగా జారిపోతుంటే గొంతు పైకి లేచింది. ఒక పాత కీర్తన ఎత్తుకున్నాను.

ముప్ఫై ఎనిమిదో కిలోమీటరు దగ్గర తిండి దొరికే విడిది వచ్చింది. కరక్ అనే చిక్కటి పాల చాయ్, గుడ్డు పెట్టిన పరోటా తీసుకున్నాను. రెండో పరోటా కూడా తీసుకున్నాను. దేవుని మహిమ కోసం తొక్కేవాడికి బలం కావాలి కదా. మూడో కరక్ తాగుతుండగా ఫోన్‌లో అక్క గొంతు వచ్చింది, వాయిస్ మెసేజ్ పంపింది.

"తమ్ముడూ, ఎంతదాకా ఎళ్ళావ్? ఇయ్యాళ మా మేడం గారింటికి సుట్టాలొత్తన్నారు. మధ్యాన్నానికి మచ్బూస్ అంట, ఇరవై మందికి. నాకేం పర్లేదు, నువ్వు నిదానంగా తొక్కు."

కప్పు బల్ల మీద పెట్టేశాను. ఇరవై మందికి మాంసం అన్నం వండుతూ, ఆ ఆవిరి ముఖాన కొట్టించుకుంటూ, గుక్కెడు నీళ్ళు తాగకుండా నిలబడి ఉంది ఆవిడ. ఇక్కడ నేను నీడన కాళ్ళు చాపుకుని గంట నుంచి కూర్చున్నాను. వెంటనే జవాబు పంపాను. "సగం దాటేశానక్కా."

వందలో సగం ఎంతో నాకు తెలుసు. సండే స్కూల్లోనే కాదు, మామూలు స్కూల్లో కూడా చదివాను.

అక్కడి నుంచి తొక్కడం వేరు. ఇప్పుడు సైకిల్ మీద ఇద్దరం ఉన్నట్టుంది. పైగా ఎండ ఎక్కింది, గాలి లేచింది. దారి ఎడారిలో పెద్ద చుట్టు తిరిగి వెనక్కు మళ్ళిన చోట గాలి నేరుగా ముఖానికి ఎదురైంది. ధైర్యం కోసం కీర్తన మళ్ళీ ఎత్తుకున్నాను. ముందు ఒకచోట ఇసుక నాలుకలాగా దారి మీదికి పాకి ఉంది. నారింజ రంగు జాకెట్టు వేసుకున్న మనిషి ఒకడు పెద్ద చీపురుతో దాన్ని అంచుకు నెడుతున్నాడు.

"తెలుగోళ్ళా అన్నా?"

ఆగాను. ఆగడానికి ఒక కారణం దొరికినందుకు లోపల సంతోషించాను కూడా. "అవును. మీది?"

"జగిత్యాల దిక్కు. పాడుడన్న పాడుండ్రి, తొక్కుడన్న తొక్కుండ్రి. రెండు పనులు ఒక్కపారి జేస్తే పానం పోతది."

"ఇదంతా రోజూ ఊడుస్తారా?"

"గాలి రోజు వస్తది గదా. దూరం ఉంటే మిషిన్ ఊడుస్తది, గిసొంటి తావుల మేం ఊడుస్తం. గాలి దాని పని అది జేస్తది, మా పని మేం జేస్తం. ఇది ఎన్నడు ఖలాస్ గాదు." అతను చీపురు మీద చేతులు ఆనించుకున్నాడు. "ఎంత దూరం పోతరు?"

"వంద. మొక్కుకున్నాను."

"ఎవల కోసం?"

"దేవుని కోసం."

"దేవుడు అడిగిండా?"

నేను గేరు మార్చుకుని బయలుదేరాను. వెనక నుంచి చీపురు చప్పుడు కొంతదూరం వినిపించింది. ప్రవక్త మాట మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో. సరాళం చేసిన దారిని మర్నాడు ఎవరు ఊడుస్తారన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.

పికప్ కనిపించేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. తొడలు పట్టేశాయి. సైకిల్ దిగడం రాక, దాన్ని పక్కకు వాల్చి, దాని నుంచి పక్కకు దొర్లాను. భాయ్ నీళ్ళ సీసా పట్టుకుని వచ్చాడు. నేను హ్యాండిల్ మీదున్న మీటరు చూశాను. ఎనభై ఆరు. ట్రాక్ మొత్తం తిరిగి మొదటికి వచ్చేశాను. అక్కడితో అయిపోయింది. మిగిలిన పద్నాలుగు ఎవరూ వెయ్యలేదు.

"ఖలాస్ అన్నా. బండెక్కు."

"ఇంకా పద్నాలుగు ఉంది భాయ్. ఏడు పోయి ఏడు వస్తే అయిపోతుంది."

"నిలబడేదానికే రాలేదు నీకు. ఏడు యాడికి పోతావు?"

అక్క సంగతి అప్పుడు చెప్పాను. ఆవిడ ఉపవాసం, సంఘంలో నా సాక్ష్యం, అన్నీ. మాట తప్పితే ఆదివారం ఏ ముఖంతో నిలబడాలో కూడా చెప్పాను. భాయ్ సీసా మూత పెట్టి నా పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఇంకో గంటన్నర నువ్వు తొక్కితే, గంటన్నర ఆయమ్మ నీళ్ళు లేకుండా ఉండాల. అంతేనా?"

"అంతే."

"మాట నీది, ఎండేది ఆయమ్మ గొంతు. ఇదేం మొక్కు అన్నా."

నోరు జారి మొక్కుకున్న ఒక న్యాయాధిపతి కథ, బైబిల్లోది, నేను సండే స్కూల్లో ప్రతి ఏడాదీ చెబుతాను. మొక్కుకున్నది తండ్రి, తన ప్రాణంతో చెల్లించింది కూతురు. కథ చివర పిల్లలను అడుగుతాను, ఇందులో మనం నేర్చుకోవలసింది ఏమిటి అని. పిల్లలు చెప్పేస్తారు. టీచరుకు మాత్రం మరో దారి కనిపించింది. వంద అయిపోయిందని ఇప్పుడే ఫోన్ చేస్తే ఆవిడ నీళ్ళు తాగుతుంది. ఆ తరువాత నేను మెల్లగా, వీలైతే, ఆ పద్నాలుగూ తొక్కుకోవచ్చు. ముందే స్తోత్రం చెప్పిన వాడికి ముందే ఫోన్ చెయ్యడం ఎంత పని? ఈ ఆలోచన నాకు ప్రార్థనలాగా వచ్చింది. అందుకే దాన్ని ఇక్కడ దాచకుండా రాస్తున్నాను.

ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తి గుసగుసగా మాట్లాడింది. వెనక గిన్నెల చప్పుడు.

"ఉండు, బట్టలుతికే గదిలోకి ఎళ్తన్నాను. ఆఁ, చెప్పు. అయ్యిందా వంద?"

భాయ్ నన్నే చూస్తున్నాడు.

"లేదక్కా. ఎనభై ఆరు. ఇక తొక్కలేను. పొద్దున సగం అన్నది కూడా అబద్ధం. అప్పుడు ముప్ఫై ఎనిమిదే. మధ్యలో గంటసేపు పరోటాలు తిన్నాను. నువ్వు నీళ్ళు తాగు అక్కా, నీకు దండం పెడతాను."

అవతల గది తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"ఎన్ని పరోటాలు?"

"రెండు."

"గుడ్డేసినవా?"

"గుడ్డేసినవే."

"నీ గురించి పస్తుండి వండిన మచ్బూస్ మా మేడం తింది తమ్ముడూ. ఉపాసం గదా, ఉప్పు సూడలేదు నేను. ఏసేనో లేదో గుర్తుకి రాక రెండోతూరి ఏసేసేను. ఇరవై మంది సుట్టాలూ నీళ్ళు తాగతానే ఉన్నారు. పదిహేనేళ్ళలో మేడం నన్ను గిన్నె ముందల పెట్టి అడగడం ఇదే మొదలు."

ఆవిడ వంట మీద ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వేలు చూపలేదని, అది ఆవిడకు ఏమిటో, సంఘంలో అందరికీ తెలుసు.

"ఏమన్నారక్కా?"

"ఏమంటారు. ఒంట్లో బాలేదా అని అడిగారు. బాలేదన్నాను. నేనూ అబద్ధమే ఆడేను, నీ పుణ్యమా అని. ఒక తమ్ముడు ఎడార్లో సైకిల్ తొక్కుతున్నాడు, అందుకు ఉప్పెక్కువైందని అరబ్బీలో ఎలా చెప్పాలి?"

"క్షమించక్కా."

"సరేలే. దేవుడికి నేను వంద అని చెప్పేను. ఇప్పుడు ఎనభై ఆరని చెప్పుకుంటాను. ఆయన లెక్కల మాష్టారు కాదు. సంఘం ముందు చెప్పింది మాత్రం నువ్వు సరిచేసుకోవాలి. నేను చెప్పను."

తరువాత కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. గ్లాసు నిండిన చప్పుడు. తరువాత ఆవిడ తాగిన చప్పుడు. ఫోన్ చెవికి ఆనించుకుని గుటకలు లెక్కపెట్టాను. నేను విన్న కీర్తనల్లో అంత శ్రద్ధగా విన్నది మరొకటి లేదు.

ఆదివారం సాక్ష్యాల సమయంలో మొదట లేచింది నేనే. ఇంకెవరైనా పరంజా మీద నుంచి పడి ఉంటే వాళ్ళకంటే ముందు అయిపోవాలని. వంద అన్నాను, ఎనభై ఆరు తొక్కాను, ఒకచోట అబద్ధం చెప్పాను, నా వల్ల ఒక సహోదరి తన పని దగ్గర మాట పడింది అని చెప్పాను. ట్రాక్ చాలా బాగుందని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, బహుశా అది కూడా నిజమే కాబట్టి. దారి ఊడ్చే జగిత్యాల మనిషి కోసం ప్రార్థించమని అడిగాను. తప్పు ఒప్పుకున్న సాక్ష్యానికి స్తోత్రం అనాలో, అనకూడదో ఎవరికీ తెలియలేదు. పాస్టరు అయ్యగారు కూడా గొంతు సవరించుకుని ఆగారు. వెనక వరుసలో నుంచి అక్క గొంతు ఒక్కటే వచ్చింది.

"స్తోత్రం. కూర్చో ఇంక."

అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను. తొడలు ఇంకా పట్టేసే ఉన్నాయి గనుక కూర్చోవడానికి చాలాసేపు పట్టింది.

రెండు వారాల తరువాత మరో శనివారం పొద్దున భాయ్‌ను బతిమాలి మళ్ళీ అక్కడికి వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. గ్లౌజులు వేసుకోకముందే, హెల్మెట్ తీసి, ప్రార్థన చేసుకున్నాను. ఏడు కిలోమీటర్లు వెళ్ళాను, ఏడు వచ్చాను. మొత్తం గంట కూడా పట్టలేదు. దారి మీద రాత్రి గాలి తెచ్చిన ఇసుక ఎక్కడా లేదు. అప్పటికే ఎవరో ఊడ్చేశారు.

ఈ పద్నాలుగు సంగతి సంఘంలో సాక్ష్యంగా చెప్పకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను. నాలుగేళ్ళు ఆ మాట మీద నిలబడ్డాను. ఇక్కడ రాసేదాకా.